సాంగ్, యువాన్, మింగ్: ఈ మూడింటి సైన్యాల్ని పోల్చి రాయాలంటే ఎలా మొదలుపెట్టాలి

మా అక్క కొడుకు వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీలో హిస్టరీ చదువుతున్నాడు. చైనా రాజవంశాలు, మంగోలుల రాజవంశం, వీళ్ళ సైనిక వారసత్వాన్ని పోల్చమని సెమినార్ టాపిక్ ఇచ్చారంట, రాత్రి ఫోన్ చేసి "ఏటి మావయ్యా ఇందులో పోల్చేది, మంగోలులు గెలిచారు, వీళ్ళు ఓడిపోయారు, అంతే కదా" అన్నాడు. అంతే కాదురా, ఆదివారం బీచ్ రోడ్డుకి రా అని చెప్పా. కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా గట్టు మీద కూర్చుని రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఇలాంటి టాపిక్ వచ్చిన వాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నా.

ముందు పేర్లు, తేదీలు తేల్చుకోండి, సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. చైనా మొత్తాన్ని మంగోలులు ఏలింది యువాన్ పేరుతో, చెంగిజ్ ఖాన్ మనవడు కుబ్లై ఖాన్ 1271లో ఆ పేరు పెట్టాడు, 1368లో పోయింది. దానికి ముందు సాంగ్ (960–1279), తర్వాత మింగ్ (1368–1644). చింగ్ వంశం మంచూలది, దాన్ని తీసుకొచ్చి మంగోలుల లెక్కలో వేయకండి. ఇంకోటి, చెంగిజ్ ఖాన్ 1206లో మంగోలు తెగలన్నిటికీ ఖాన్ అయ్యాడు, అప్పటికి యువాన్ అనేదే లేదు. 1258లో బాగ్దాద్‌ని కూల్చింది కుబ్లై తమ్ముడు హులగు, ఆ గెలుపుని యువాన్ ఖాతాలో రాస్తే పోలిక మొదట్లోనే వంకర పోతుంది. కాలం గుర్తుండాలంటే మనవాళ్ళని పక్కన పెట్టుకోండి, కుబ్లై అక్కడ ఏలుతున్న రోజుల్లోనే ఇక్కడ ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతోంది. కుబ్లై కొలువులో పనిచేసిన మార్కో పోలో మన మోటుపల్లి గురించి కూడా రాశాడు.

ఇప్పుడు అసలు పద్ధతి. రాజుల వెంట పోకండి, ఒక వస్తువుని పట్టుకుని మూడు వంశాల్లోనూ దాని వెనకే నడవండి. మావాడికి గుర్రంతో మొదలుపెట్టమన్నా. సాంగ్ వాళ్ళకి 1040ల్లో 12 లక్షలకు పైగా సైన్యం ఉంది, కానీ గుర్రాలు మేపుకునే ఉత్తరపు పచ్చిక బయళ్ళు వాళ్ళ చేతిలో లేవు, టీ ఆకు ఇచ్చి గుర్రాలు కొనుక్కునేవారు. మంగోలు సైనికుడు ఒక్కొక్కడూ మూడు నాలుగు గుర్రాలు వెంటేసుకుని బయలుదేరేవాడు, ఒకటి అలిసిపోతే ఇంకోటి ఎక్కేవాడు. ఇది చూసి "అందుకే గెలిచారు" అని రాసేయబుద్ధి అవుతుంది, మావాడూ అక్కడే ఆగిపోయాడు. గుర్రం ఎక్కడ పనికిరాలేదో కూడా వెతకమన్నా.

అలా వెతికితే షియాంగ్‌యాంగ్ దొరుకుతుంది. హాన్ నదికి ఈ ఒడ్డున షియాంగ్‌యాంగ్, ఆ ఒడ్డున ఫాన్‌చెంగ్, రెండు కోటలు. 1268 నుంచి 1273 దాకా మంగోలులు వాటిని ముట్టడించి కూర్చున్నారు, ఐదేళ్ళు. అక్కడ గుర్రాలేం చేస్తాయి, కావాల్సింది పడవలూ గోడలు బద్దలుకొట్టే యంత్రాలూ. పడవల దళాన్ని కట్టించడానికి ముందుకొచ్చింది ల్యూ జెంగ్, ఆయన సాంగ్ సేనాపతి, 1261లో మంగోలుల వైపు వెళ్ళిపోయాడు. రాళ్ళు విసిరే పెద్ద యంత్రాలు చేసింది ఇస్మాయిల్, అలా అల్ దీన్ అని ఇద్దరు, పర్షియా వైపు నుంచి రప్పించారు. అప్పటిదాకా చైనాలో వాడిన యంత్రాల్ని మనుషులు గుంపుగా తాళ్ళు పట్టి ఒక్కసారి లాగేవారు. ఈ కొత్తదానికి ఒక చివర బరువు పెట్టె ఉంటుంది, అది కిందకి పడితే రెండో చివర రాయి లేస్తుంది, లాగే చేతులు అలిసిపోవడం అనేదే లేదు. 1273లో ముందు ఫాన్‌చెంగ్ పడిపోయింది, తర్వాత షియాంగ్‌యాంగ్‌ని కాపాడుతున్న లూ వెన్‌హ్వాన్ లొంగిపోయి, తర్వాత మంగోలుల తరఫునే యుద్ధం చేశాడు. ఇప్పుడు చెప్పండి, ఇది ఎవరి గెలుపు? నాకైతే యువాన్ అసలు బలం విలుకాళ్ళలో కంటే, ఎవరి దగ్గర ఏ పని ఉంటే వాళ్ళని తెచ్చుకుని వాడుకోవడంలో ఉందనిపిస్తుంది, మీ పేపర్‌లో ఈ ఒక్క ముట్టడికే రెండు పేజీలు ఇచ్చినా తప్పు లేదు.

తర్వాత పడవ. దీనికోసం మావాణ్ణి బండి ఎక్కించుకుని ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్ళా, ఎందుకంటే పుస్తకంలో చదివితే ఇది ఒంటికి ఎక్కదు. అక్కడ బోటుకి బోటు ఆనుకుని ఉంటాయి, మధ్యలో పాత టైర్లు, చేయి దూర్చే సందు కూడా ఉండదు, తాళ్ళు ఒకదాని మీద ఒకటి అల్లుకుపోయి ఉంటాయి. 2023 నవంబర్‌లో రాత్రిపూట ఒక బోటుకి మంట అంటుకుంటే పక్కపక్కనే కట్టి ఉండటంతో పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి, ఎందరి బతుకులో ఆ ఒక్క రాత్రిలో బూడిదయ్యాయి, వైజాగ్‌లో ఎవరూ మర్చిపోలేదు. అక్కడ నిలబెట్టి 1279 యామెన్ యుద్ధం చెప్పా. సాంగ్ సేనాపతి జాంగ్ షిజియే తన ఓడలు సుమారు వెయ్యింటిని గొలుసులతో ఒక కోటలా కట్టేశాడు, నిప్పు అంటుకోకుండా మట్టి పూయించాడు, మంట పాకలేదు కూడా. కానీ యువాన్ వాళ్ళు మంచినీళ్ళ దారి మూసేశారు, కట్టేసిన ఓడలు కదలలేవు. చివరికి బాలచక్రవర్తిని ఎత్తుకుని మంత్రి లూ షియూఫు సముద్రంలో దూకేశాడు. అవతల యువాన్ నౌకల్ని నడిపిన జాంగ్ హోంగ్‌ఫాన్ కూడా చైనావాడే, ఉత్తరాదిలో పుట్టినవాడు. మావాడు అప్పుడు కాసేపు మాట్లాడలేదు.

ఈ పడవ దారిలోనే వెనక్కి వెళ్తే సాంగ్ వాళ్ళు 1132లో శాశ్వత నౌకాదళం పెట్టారని తెలుస్తుంది. కాలితో తొక్కితే తిరిగే చక్రాల ఓడలు, తుపాకి మందు బాంబులు వాడి 1161లో అప్పటికి ఉత్తర చైనాని ఏలుతున్న జుర్చెన్ తెగవాళ్ళ జిన్ వంశపు సైన్యాన్ని యాంగ్జీ నది దగ్గర ఆపారు. ముందుకి వెళ్తే, యువాన్ వాళ్ళు జపాన్ మీదకి రెండుసార్లు వెళ్ళారు, 1274లో కొరియాలో కట్టించిన ఓడలతో, 1281లో సాంగ్ నౌకాదళం కూడా చేతికి వచ్చాక. రెండోసారి దక్షిణం నుంచి బయలుదేరిన వాళ్ళలో చాలామంది పాత సాంగ్ సైనికులే, తుఫాను ముంచేసింది. హుద్‌హుద్ చూసిన మనకి తుఫానంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. జపాన్‌లోని తకషిమా దీవి దగ్గర సముద్రం అడుగున ఆ ఓడల చెక్కలతో పాటు మట్టి కుండల బాంబులు కూడా దొరికాయి. 1288లో వియత్నాంలో బాచ్ డాంగ్ నదిలో ట్రాన్ హుంగ్ దావో కొయ్య మేకులు పాతించి, ఆటుపోటు చూసుకుని యువాన్ ఓడల్ని ఇరికించాడు. జావా, 1293, అదీ కలిసి రాలేదు. ఈ ఓటముల్ని వదిలేసి రాయకండి.

తుపాకి మందు గురించి ఎక్కువ చెప్పను, దాన్ని కలిపే పాళ్ళు 1044లోనే సాంగ్ సైనిక గ్రంథంలో ఉన్నాయి, 1298 తేదీ చెక్కి ఉన్న చేతి ఫిరంగి యువాన్ కాలంది, మింగ్ వాళ్ళు దాన్ని పెద్ద ఎత్తున వాడారు. ఈ మూడు మెట్లు చాలు.

వారసత్వంగా నిలిచిపోయింది ఏదో తేల్చడానికి నేను చూసేది ఒకటే, ఓడించి తరిమినవాడు కూడా పారేయకుండా ఉంచుకున్నదేంటి? మంగోలుల్ని తరిమేసిన మింగ్ మొదటి చక్రవర్తి జూ యువాన్‌జాంగ్, యువాన్ సైనిక కుటుంబాల పద్ధతిని దాదాపు అలాగే ఉంచాడు, తండ్రి సైనికుడైతే కొడుకూ సైనికుడే, ఆ ఇల్లంతా ఆ లెక్కలోనే. ఒక్కో దళంలో 5,600 మంది, వాళ్ళకి సాగు భూములు, తిండి వాళ్ళే పండించుకోవాలి. కాగితం మీద బాగుంది, రానురాను భూములు అధికారుల చేతుల్లోకి పోయాయి, సైనికులు పారిపోయారు. 1449లో తుము దగ్గర ఓయిరాట్ మంగోలుల నాయకుడు ఎసెన్ ఏకంగా మింగ్ చక్రవర్తినే పట్టుకుపోయాడు. మనం ఫోటోల్లో చూసే ఇటుకల మహాకుడ్యం ఎక్కువ భాగం ఆ దెబ్బ తర్వాత కట్టిందే. ఇంకా నైరుతిలోని యున్నాన్, 1253లో కుబ్లై అక్కడి దాలి రాజ్యాన్ని గెలిచాక అది చైనాలో కలిసింది, మింగ్ వాళ్ళు మళ్ళీ దండెత్తి మరీ దాన్ని నిలబెట్టుకున్నారు.

రాసే ముందు ఒక్కటి చూసుకోండి, చరిత్ర ఎవరు రాశారో. సాంగ్ చరిత్రని యువాన్ ఆస్థానం 1345లో పూర్తి చేయించింది, యువాన్ చరిత్రని మింగ్ ఆస్థానం 1370కల్లా హడావిడిగా ముగించింది. గెలిచినవాడు ఓడినవాడి కథ రాశాడన్నమాట, అందుకే "పిరికి సైన్యం", "మోటు పాలకులు" లాంటి మాటలు వచ్చిన చోట పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకుని, అదే సంఘటనకి తవ్వకాల్లోనో సముద్రం అడుగునో దొరికిన వస్తువు ఏమైనా ఉందా అని వెతకండి.

మావాడు చివరికి మొదటి పేజీలో పెట్టిన "విజేతలు, పరాజితులు" టేబుల్ కొట్టేసి, అడ్డంగా సాంగ్, యువాన్, మింగ్, నిలువుగా గుర్రం, గోడ, పడవ, తుపాకి మందు, సైనికుడి ఇల్లు అని గీసుకున్నాడు. సైనికుడి ఇల్లు వరసలో సాంగ్ గడి ఇంకా ఖాళీగా ఉంది, సాంగ్ వాళ్ళు జీతాలిచ్చి సైనికుల్ని పెట్టుకున్నారు కదా, అక్కడి నుంచి మొదలుపెట్టమని చెప్పా.