మిద్దె తోట నిండా పూలున్నా సీతాకోకచిలుకలు ఎందుకు ఉండట్లేదు: సమస్యలు, నాకు తెలిసిన పరిష్కారాలు

మాది విశాఖ, డాబా మీద ఓ నలభై కుండీలు ఉంటాయి. మొదటి రెండేళ్ళు నేను చేయని తప్పు లేదు కాబట్టి అవే రాస్తున్నా, మీకు పనికొస్తే సరి.

సమస్య: బంతి, జినియా, నూరువరహాలు అన్నీ విరగబూశాయి, సీతాకోకచిలుకలు వస్తాయి, రెండు నిమిషాలు తిరుగుతాయి, వెళ్ళిపోతాయి

కారణం చాలా సింపుల్, మీరు హోటల్ పెట్టారు గానీ పురిటిల్లు పెట్టలేదు. పూలలో తేనె ఏ సీతాకోకచిలుకైనా తాగుతుంది, గుడ్లు మాత్రం తన పిల్లలు తినగలిగే ఆకు మీదే పెడుతుంది. జాగ్రత్తగా చూడండి, ఆడది ఒక్కో ఆకు మీద వాలి ముందు కాళ్ళతో టకటకా కొట్టి లేచిపోతూ ఉంటుంది. అది కాళ్ళతో రుచి చూడటం, ఇది మన ఆకేనా కాదా అని.

పరిష్కారం: పూలకుండీలు కొంచెం తగ్గించి ఆకు మొక్కలు పెట్టండి. కరివేపాకు, నిమ్మ ఉంటే లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్ రెండూ వస్తాయి, అన్నిటికంటే ఈజీ అదే. గన్నేరుకి కామన్ క్రో, దాని ప్యూపా (గొంగళి పురుగు సీతాకోకచిలుకగా మారే గూడు) వెండి జుంకాలా మెరుస్తూ ఆకు కింద వేలాడుతుంది, మొదటిసారి చూస్తే ఎవరో కావాలని తగిలించారనుకుంటారు. జాగా ఉంటే రేల చెట్టుకి పసుపు రంగు ఎమిగ్రెంట్లు, నరమామిడికి గానీ సీతాఫలానికి గానీ టెయిల్డ్ జే. ఇక జిల్లేడు. ఇంట్లో జిల్లేడేంటి అని మా అత్తయ్య ఒప్పుకోలేదు, తెల్లజిల్లేడు వినాయకుడిది అత్తయ్యా అని చెప్పి పెట్టా. రథసప్తమి రోజు స్నానానికి ఏడు ఆకులు కోద్దామని వెళ్ళి ఒకటి తిప్పి చూస్తే వెనకాల నలుపు, తెలుపు, పసుపు చారలతో వేలెడంత పురుగు, ఒంటి మీద మూడు జతల నల్లటి మీసాలు, ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక పిల్ల. ఆకు వదిలేసి పక్క మొక్క నుంచి కోసుకున్నాం. జిల్లేడు పాలు కంట్లో పడితే మాత్రం చాలా ప్రమాదం, చిన్నపిల్లలున్న ఇల్లయితే అందని చోట పెట్టండి.

సమస్య: కరివేపాకు మొక్క రాత్రికి రాత్రి మోడైపోయింది, కొమ్మ మీద పిట్టరెట్ట లాంటిది ఏదో ఉంది

అది రెట్ట కాదు, లైమ్ బటర్‌ఫ్లై పిల్లో, కామన్ మార్మన్ పిల్లో. చిన్నప్పుడు పక్షులు తినకుండా అలా గోధుమ, తెలుపు మచ్చలతో ఉంటుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారిపోతుంది. పుల్లతో కదిపితే తల వెనక నుంచి కొమ్ముల్లాంటివి బయటికి వచ్చి ఘాటు వాసన కొడుతుంది, బెదిరింపు అంతే, ఏమీ చేయదు. మందు కొట్టొద్దు. రెండు కరివేపాకు మొక్కలు పెట్టుకోండి, ఒకటి పప్పులోకి, ఒకటి వాటికి, పప్పు మొక్క మీద కనపడిన పిల్లని ఆకుతో సహా తీసి రెండోదాని మీద పెట్టేయండి. మోడైన మొక్క మళ్ళీ చిగురేస్తుంది, మాది మూడుసార్లు చిగురేసింది.

సమస్య: గుడ్లు పెట్టింది, పిల్లలు వచ్చాయి, కానీ రెండో రోజుకే చచ్చిపోయాయి

నాకు బాగా బాధేసింది ఇక్కడే. నర్సరీ నుంచి నిగనిగలాడే నిమ్మ మొక్క తెచ్చా, ఆకు మీద ఒక్క చిల్లు లేదు, నేను మురిసిపోయా. చిల్లు లేదంటేనే అనుమానించాలని తర్వాత తెలిసింది. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు వేరు నుంచి ఆకు దాకా లోపలే పాకుతాయి, పైన ఎంత కడిగినా పోవు. అలాంటి మొక్క తెస్తే కొన్ని నెలలు పక్కన పెట్టి, పాత ఆకు కత్తిరించి, కొత్త చిగురు బాగా వచ్చాకే వదలండి, ఈలోగా గుడ్లు పెట్టకుండా దోమతెర కప్పండి. ఇంకోటి, ఆర్గానిక్ కదా అని వేపనూనె, బీటీ పౌడర్ (ఒక బాక్టీరియాతో చేసే పురుగుమందు) కొట్టేవాళ్ళున్నారు. బీటీ పనిచేసేదే గొంగళి పురుగుల మీద, దానికి పంట పురుగు, సీతాకోకచిలుక పిల్ల అనే తేడా తెలీదు.

పిల్ల నల్లబడి తలకిందులుగా వేలాడుతూ నీళ్ళు కారుతుంటే అది మందు కాకపోవచ్చు, వైరస్ అయి ఉండొచ్చు. వెంటనే తీసి దూరంగా పారేసి చేతులు కడుక్కోండి, ఒకే డబ్బాలో ఇరవై పిల్లల్ని కుక్కి పెంచితే ఇదే జరుగుతుంది.

సమస్య: ప్యూపా నల్లబడిపోయింది

కంగారు పడకండి, ముందు బాగా చూడండి. పల్చటి తొక్కలోంచి రెక్కల డిజైన్ కనిపిస్తుంటే రేపు పొద్దున్నే బయటికొస్తుందని అర్థం. డిజైన్ ఏమీ లేకుండా గోధుమరంగులోకి తిరిగి, సూదితో పొడిచినట్టు చిల్లు ఉంటే మాత్రం చిన్న కందిరీగ జాతివి లోపల గుడ్లు పెట్టి, పిల్లలు తినేసి బయటికి పోయాయి. అలాగే పిల్ల పక్కన బియ్యపు గింజల్లాంటి తెల్ల గూళ్ళు కనపడితే అవీ ఇలాంటి పరాన్నజీవులవే. మందు లేదు, వద్దు కూడా, అన్ని గుడ్లూ రెక్కలై ఎగిరితే ఊళ్ళో నిమ్మచెట్టు మిగలదు. మరీ మనసొప్పకపోతే గుడ్డు దశలోనే ఆకు తెచ్చి తెర కట్టిన డబ్బాలో పెంచుకోండి.

రెక్కలు ముడుచుకుపోయి ఎగరలేకపోతే? బయటికి వచ్చిన వెంటనే వేలాడటానికి చోటు దొరక్కపోయి ఉండొచ్చు. డబ్బాలో గరుకు పుల్లో, గుడ్డో నిలబెట్టండి. కింద ఎర్రటి చుక్కలు పడితే రక్తం కాదు, ప్యూపాలో ఉన్నప్పుడు పోగైన వ్యర్థం.

సమస్య: మునగ చెట్టు కింద నిలబడితే ఒళ్ళంతా దురద

ఆ దురద పెట్టేవి సీతాకోకచిలుకల పిల్లలు కావు, చిమ్మటల గొంగళ్ళు. పైన చెప్పినవి ఏవీ దురద పెట్టవు, దీన్ని చూసి అన్నిటినీ కాల్చేయకండి.

సమస్య: నల్ల రెక్కల మీద ఎర్ర మచ్చలున్నది వచ్చింది, కానీ ఎక్కడా గుడ్లు పెట్టట్లేదు

ఒళ్ళు చూడండి. ఒళ్ళు కూడా ఎర్రగా ఉంటే క్రిమ్సన్ రోజ్ గానీ కామన్ రోజ్ గానీ, నల్లగా ఉంటే వాటి వేషం వేసిన కామన్ మార్మన్ ఆడది, దానికి మీ కరివేపాకు చాలు. క్రిమ్సన్ రోజ్ కి ఈశ్వరి జాతి మొక్కలే కావాలి, అంటే నల్లేశ్వరి తీగ, గాడిదగడపాకు లాంటివి. పాముకాటు మందని వేరుతో సహా పీకేస్తారు ఈశ్వరిని, ఆ వేరు కిడ్నీల్ని పాడుచేస్తుంది, కాన్సర్ కూడా తెస్తుంది, దయచేసి ఎవరూ మింగకండి. మన తీరంలో ఈ సీతాకోకచిలుక మరీ అరుదేం కాదు, అయినా 1972 వన్యప్రాణి చట్టం పాత జాబితాలో షెడ్యూల్ 1లో ఉండేది, అంటే పులితో సమానం. 2022లో చట్టాన్ని సవరించి జాబితాలు తిరగరాశారు, కానీ పట్టుకుని ఫ్రేము కట్టే సరదాలు ఇప్పటికీ పెట్టుకోవద్దు. తీగ దొరికితే పెద్ద కుండీలో పందిరేసి పెంచండి.

ఆ పాత షెడ్యూల్ 1లో ఉండిన ఇంకోటి డానాయిడ్ ఎగ్‌ఫ్లై, దాని పిల్లలు తినేది గంగవాయిలి కూర! మా వైపు గంగపాయల అంటాం. కుండీల్లో కలుపని పీకిపారేసే ఆ కూరే, ఓ రెండు కుండీల్లో వదిలేయండి.

సమస్య: ఒకరోజు గుంపులు గుంపులుగా వచ్చాయి, మర్నాడు ఒక్కటీ లేదు

మీ తప్పేం లేదు. బ్లూ టైగర్లు, క్రోలు తూర్పు కనుమలకీ పడమటి కనుమలకీ మధ్య కాలాన్ని బట్టి వలస పోతుంటాయి, మీ డాబా దారిలో పడింది అంతే. కాసేపు ఆపాలంటే ఒక చిట్కా ఉంది. ఎండుకాయ ఊపితే గలగలమనే గిలిగిచ్చ మొక్క, లేదా తేలుకొండిలా పూగుత్తి వంకర తిరిగిన నాగదంతి, ఈ రెంటిలో ఏదైనా కొమ్మలు కోసి ఎండలో వాడబెట్టండి. అందులో ఉండే రసాయనంతోనే మగవి ఆడవాటిని ఆకర్షించే వాసన తయారుచేసుకుంటాయి. పోయినేడు నేను వాడబెట్టిన నాగదంతి కట్ట ఒకటి బట్టల తీగకి కట్టి టిఫిన్ చేసి వచ్చేసరికి దాని మీద పదకొండు బ్లూ టైగర్లు, దగ్గరికి వెళ్ళినా కదల్లేదు.