గాలి రోజున స్నేహితుడితో చెరువులో గాలం వేయడం ఎలా?

మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో ప్రవేశిస్తుంది. ఆ రోజు హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్‌లో కాలు పెట్టే సందు ఉండదు. గాలం వేసేవాళ్లకు అసలు పరీక్ష మాత్రం ఆ తర్వాతే, ఎందుకంటే నైరుతి రుతుపవనాలతో పాటు హైదరాబాద్‌కు పడమటి గాలి మొదలవుతుంది. "గాలి ఉంది, ఇవాళ చేపలు పడవులే" అని చాలామంది ఇంట్లోనే ఉండిపోతారు. నన్నడిగితే, మబ్బు పట్టి ఓ మోస్తరు గాలి వీచే రోజే మంచిది. కాకపోతే పద్ధతి మార్చాలి, పక్కన ఇంకో మనిషి ఉండాలి.

ముందు అనుమతి. చాలా చెరువుల్లో చేపల హక్కు స్థానిక మత్స్యకారుల సహకార సంఘానిది. అడక్కుండా గాలం వేయొద్దు. గండిపేట, హిమాయత్‌సాగర్ తాగునీటి జలాశయాలు కాబట్టి అక్కడి నిబంధనలు ముందే కనుక్కోండి. ఈ బాధంతా వద్దనుకుంటే రుసుము కట్టి గాలం వేసుకునే ప్రైవేటు కుంటలున్నాయి. హుస్సేన్‌సాగర్ చేప మాత్రం కూరకు పనికిరాదు, ఏళ్ల తరబడి మురుగు చేరిన నీళ్లవి.

ఏ గట్టు? గాలి తగలని గట్టు వెతుక్కుంటాం కదా, చేప అక్కడ ఉండదు. గాలి పైపై నీళ్లను అవతలి ఒడ్డుకు తోస్తుంది, వాటితోపాటు నాచు, పురుగులు, చిన్న చిన్న మేతంతా అటే పోతుంది. అలలు ఒడ్డును కొట్టి మట్టిని కలబెడతాయి, నీళ్లలో ఆక్సిజన్ పెరుగుతుంది. మేత కోసం రవ్వ, బంగారుతీగ చేపలు అక్కడికే వస్తాయి. పడమటి గాలైతే తూర్పు గట్టన్నమాట. కానీ సరిగ్గా గాలికి ఎదురుగా నిలబడి విసిరితే దారం మొహం మీదికే వస్తుంది. అందుకే తూర్పు గట్టు నుంచి కాస్త పక్కకు జరిగి, గాలి భుజానికి తగిలేలా ఓ వంపు చూసుకోండి. ఎంత మేత ఉన్నా ఆనకట్ట తూముల దగ్గరకు మాత్రం పోవద్దు.

సరంజామా. దారానికి కట్టే, నీటి మీద తేలే బెండు ఇంట్లో పెట్టండి. అలల మీద అది ఎగురుతూనే ఉంటుంది, చేప లాగిందో అల లాగిందో తెలియదు. కర్రకు కట్టే చిన్న గంట కూడా అంతే, పొద్దంతా మోగుతూ తల తింటుంది. బదులుగా 20 నుంచి 30 గ్రాముల సీసం గుండు కట్టి ఎరను అడుగున పడుకోబెట్టండి. విసిరాక కర్ర కొసను నీటికి దగ్గరగా దించితే దారం గాలికి విల్లులా వంగదు. ఇక కొస కదలికనే చూడాలి. గాలికి ఊగితే ఒక లయ ఉంటుంది, చేప లాగితే ఆ లయ తప్పుతుంది.

పిండి ముద్ద మామూలు కన్నా గట్టిగా కలపాలి. గోధుమపిండి, తవుడు, నూనె తీశాక మిగిలే పల్లీ చెక్క కొంచెం, అందులో చిటికెడు దూది పోగులు కలిపితే విసిరినప్పుడు గాలపు ముల్లు నుంచి జారిపోదు. తడిగుడ్డ కప్పి ఉంచండి, లేకపోతే గాలికి అరగంటలో పెచ్చులు కడుతుంది. జల్ల చేపలకైతే ఎర్రలే (వానపాములే) మేలు.

ఇద్దరు ఎలా నిలబడాలి? కనీసం రెండు కర్రల దూరంలో. గాలి వచ్చే వైపు ఉన్నవాడు బరువైన గుండు కట్టుకోవాలి. తేలిక గుండైతే అతని దారం కొట్టుకొచ్చి రెండోవాడి దారంలో పడుతుంది, ఆ చిక్కు విప్పేసరికి మధ్యాహ్నం అవుతుంది. తల మీదుగా కాకుండా పక్క నుంచి, నీటికి దగ్గరగా విసరాలి. విసిరేముందు "వేస్తున్న భై, వంగు" అని అరవాలి. గాలిలో ముల్లు ఎటు పోతుందో విసిరినవాడికీ తెలియదు. కళ్లద్దాలు, టోపీ ఇద్దరికీ తప్పనిసరి.

చేప తగిలితే రెండోవాడు తన కర్ర పక్కన పెట్టేయాలి. వలగరిటెను ముందే నీళ్లలో ముంచి ఉంచి, చేపను దాని మీదికి రానివ్వాలి. వల పట్టుకుని చేప వెంట పరుగెత్తితే తెంపుకుని పోతుంది. ఒడ్డుకు వచ్చే అలతో పాటే లాగండి, సగం బరువు అలే మోస్తుంది. జల్ల పక్క రెక్కల ముళ్లు గుచ్చుకుంటే చెయ్యి సలుపుతుంది, గుడ్డతో పట్టుకోవాలి.

ఎప్పుడు పోవాలి, ఎప్పుడు లేచి రావాలి? వాతావరణ శాఖ 'మౌసమ్' యాప్‌లో గాలి గంటకు 20 కిలోమీటర్ల లోపుంటే హాయి. 40 దాటేట్టుంటే బయల్దేరొద్దు. ఉరుము వినపడగానే కర్ర కింద పెట్టి కారులోకి పోండి, కార్బన్ కర్రలో కరెంటు పారుతుంది. చెట్టు కిందికి వద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. కర్ర కొట్టుకుపోయినా సరే, దాని కోసం నీళ్లలో దిగొద్దు. మన చెరువుల్లో మొరం తవ్విన గుంతలు పైనుంచి కనపడవు.

పోయేముందు తెగిన దారం ముక్కలన్నీ ఏరి జేబులో వేసుకోండి. గాలికి అవి ఎగిరి కొంగల కాళ్లకు చుట్టుకుంటాయి.