నీడపట్టున మొక్కలు పెట్టే ముందు

మా ధర్మాబాద్ వైపు పెరళ్లలో నల్లరేగడి. వానకు బంకలా పట్టుకుంటుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలు విడుస్తుంది. అందుకే నర్సరీకి పోయే ముందే ఇవి చూసుకోండి.

అడుగు లోతు గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. తెల్లారినా నీళ్లు నిలిచి ఉంటే అక్కడ నేల మీద జానెడు ఎత్తు మడి కట్టాల్సిందే. లేదంటే వేరు కుళ్లుతుంది.

పిడికెడు మట్టి పిసికి చూడండి. వేళ్లకు అంటుకుంటే ఆ రోజు పార ముట్టొద్దు. తడి రేగడిని తవ్వితే ఆరాక పెళ్లలు రాళ్లవుతాయి.

నాలుగు తట్టల ఇసుక కలిపితే గుల్లబారుతుందనుకోకండి, ఇంకా గట్టిపడుతుంది. మాగిన పశువుల ఎరువు, ఆకుచెత్తే దారి.

వేపచెట్టు కిందైతే లావు వేళ్లు నరకొద్దు.

చేమ, పసుపు, పీస్ లిల్లీ ఏళ్ల తరబడి నిలుస్తాయి. చేమకు తేమ ఇష్టం, పసుపుకు మాత్రం మడి ఎత్తుగా ఉండాలి. క్రోటన్లకు నీడలో రంగు రాదు. డిఫెన్‌బాకియా ఆకు కొరికితే నోరు మండి వాస్తుంది, పసిపిల్లలున్న ఇంట్లో నేనైతే పెట్టనివ్వను.