పల్చటి రేకు డబ్బాకు కారని మర మూత

శెనక్కాయ నూనె పోసే 5, 15 లీటర్ల డబ్బాకు మర మూత పెట్టాలంటే ముందు వెర్నియర్‌తో రేకు మందం కొలవండి. చాలా డబ్బాల్లో అది 0.3 మి.మీ.కు అటూ ఇటూగా ఉంటుంది. 1 మి.మీ. పిచ్ (ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం) ఉన్న మర కోయడానికే 0.61 మి.మీ. లోతు కావాలి. అంటే టూలు పెట్టీ పెట్టగానే రేకు తెగిపోతుంది. ఇంత పల్చటి రేకు మీద మరను కోయకూడదు, నొక్కి తేల్చాలి. తిప్పి బిగించే బల్బు తొడుగు చూస్తే విషయం అర్థమవుతుంది. 27 మి.మీ. తొడుగు, సుమారు 3.6 మి.మీ. పిచ్, గుండ్రటి అలల్లాంటి మర. అక్కడ రేకు ఎక్కడా తెగలేదు, వంగింది.

డబ్బా మెడ, అంటే మూత ఎక్కే గొట్టం, చేశాక మూత వెతుక్కోవడం చాలామంది చేసే పొరపాటు. మూత ముందు కొని, దాని లోపలి కొలతలు తీసుకుని, మెడను దానికి తగ్గట్టు చేయండి. 50 మి.మీ. మెడకు 4 మి.మీ. పిచ్, 0.8 మి.మీ. లోతు, ఒకటిన్నర చుట్టు సరిపోతాయి. మెడ ఎత్తు 16 మి.మీ. ఉంచండి. మెడకూ మూతకూ మధ్య వ్యాసంలో 0.4 మి.మీ. వదులు ఇస్తే ఒక్కో పక్క 0.6 మి.మీ. పట్టు మిగులుతుంది. పట్టు 0.4కు పడిపోయిందంటే, గట్టిగా తిప్పినప్పుడు పల్చటి మెడ కోడిగుడ్డులా సాగి, మూత ఒక మర దాటి ఎగురుతుంది. ఒక చుట్టు కంటే తక్కువ మర ఉన్నా మూత ఒక పక్కకు ఒరుగుతుంది.

లేత్ (పనిముక్కను తిప్పే యంత్రం) మీద మర తేల్చడానికి ముందు 4 మి.మీ. పిచ్‌తో గుండ్రటి మర కోసిన ఉక్కు దిమ్మ చేసుకోవాలి. దాని వ్యాసం మెడ లోపలి కొలత కంటే 0.1 మి.మీ. తక్కువ, గాడి లోతు 0.9 మి.మీ. ఉండాలి. రేకు కొంచెం వెనక్కి వస్తుంది కాబట్టి గాడి లోతులో ఆ 0.1 ఎక్కువ. మెడను దిమ్మకు తొడిగి, అంచు 1 మి.మీ. రేడియస్‌తో గుండ్రంగా ఉన్న చిన్న చక్రాన్ని లేత్ మీద టూలును పట్టి ఉంచే టూల్ పోస్టుకు బిగించి, గేర్లు 4 మి.మీ. పిచ్‌కు పెట్టండి. చక్రం కచ్చితంగా దిమ్మ గాడి మీదే పడాలి. స్పీడు నిమిషానికి 40 నుంచి 60 చుట్లు, ప్రతి సారీ 0.2 మి.మీ. లోతు, మధ్యలో ఒక చుక్క నూనె. టూలును పిచ్ ప్రకారం జరిపే హాఫ్ నట్ తెరవకుండా మోటారునే వెనక్కి తిప్పుకుంటే చక్రం మళ్లీ అదే గాడిలో పడుతుంది. ఒకేసారి మొత్తం లోతు నొక్కితే తగరపు పూత చిట్లుతుంది. కొన్నాళ్లకు సరిగ్గా ఆ గీత వెంటే తుప్పు పడుతుంది. పని అయ్యాక దిమ్మను మర విప్పినట్టే తిప్పి తీయాలి. మూతి అంచును ఆ తర్వాతే 2.5 మి.మీ. గుండ్రంగా లోపలికి మడవండి. బయటికి మడిస్తే మూత ఎక్కదు. ఈ మడత లేకపోతే మెడ వేళ్ల ఒత్తిడికే నొక్కుకుపోతుంది.

దిమ్మ చేయడం దండగ అనిపించే పది, ఇరవై డబ్బాలకు మర కోసిన రింగు అతికించడమే మేలు. 200 లీటర్ల పీపాకు కూడా మర రేకులో ఉండదు, విడిగా బిగించిన మందపాటి రింగు లాంటి బుష్‌లో ఉంటుంది. రింగు గోడ 3 మి.మీ., కింద 6 మి.మీ. అంచు, 2 మి.మీ. పిచ్. ఇత్తడి రింగైతే లోపల తప్పకుండా కళాయి పూయించండి. ఇత్తడిలోని రాగి తగిలిన నూనె తొందరగా ముక్క వాసన వస్తుంది. తినే నూనె కాబట్టి టంకంలో సీసం అసలు ఉండకూడదు. 96.5 శాతం తగరం, 3.5 శాతం వెండి ఉన్నది 221 డిగ్రీలకు కరుగుతుంది. రేకు మీది తగరం 232కు గానీ కరగదు. మధ్యలో ఉన్నది 11 డిగ్రీలే, కాబట్టి మంటను ఒకేచోట నిలపొద్దు. అతికాక ఫ్లక్సును (టంకం పట్టడానికి పూసిన మందును) వేడి సోడా నీళ్లతో కడిగేయాలి.

నూనెను ఆపేది మర కాదు, వాచరు. మర దాన్ని నొక్కి పట్టుకుంటుంది, అంతే. తినే పదార్థాలకు పనికొచ్చే నైట్రైల్ రబ్బరు 2 మి.మీ. మందం వాడండి. ఈపీడీఎం అనే మరో రకం రబ్బరు నూనెకు ఉబ్బి వదులవుతుంది. వాచరు అర మిల్లీమీటరు నలిగే దాకా మూత బిగియాలి. అప్పటికి మూత కింది అంచుకూ డబ్బా భుజానికీ మధ్య 1 మి.మీ. ఖాళీ ఉండాలి. అంచు ముందే భుజానికి ఆనితే, ఎంత బలంగా తిప్పినా వాచరు మీద ఒత్తిడి పడదు.

పరీక్ష నీళ్లతో వద్దు. నీళ్లు ఆగిన సందులోంచి కూడా నూనె పాకుతుంది. డబ్బాలో నూనె పోసి, మూత బిగించి, తలకిందులుగా న్యూస్‌పేపరు మీద 24 గంటలు ఉంచండి. కాగితం మీద మరక గుండ్రంగా రింగులా వస్తే వాచరు చాలినంత నలగలేదు. ఒకే పక్క వస్తే మూతి మడత ఎగుడుదిగుడుగా ఉంది, లేదా మెడ అతుకు దగ్గర మెట్టు ఉంది. వేలి గోరుతో మూతి మీద చుట్టూ తడిమితే ఆ మెట్టు తగులుతుంది.

మూత ఎంత బాగా కుదిరినా డబ్బాను మూతి దాకా నింపొద్దు. 25 డిగ్రీల దగ్గర పోసిన 15 లీటర్ల నూనె కర్నూలు మే ఎండకు 45కు చేరితే సుమారు 210 మి.లీ. పెరుగుతుంది. పైన కనీసం అర లీటరు ఖాళీ వదలండి.