బొగ్గుబాయిలో దుమ్మును ఎలా చూడాలి: కొత్త సర్దార్లకు ఒక పాత ఓవర్‌మన్ మాట

బాయిలో పనినీ భద్రతనూ చూసే సర్దార్ (వాళ్ల పైవాడు ఓవర్‌మన్) సర్టిఫికెట్ కొత్తగా చేతికొచ్చిన పిల్లలు కనిపిస్తే గ్యాస్ గురించే మాట్లాడతారు. మిథేన్ ఎంత ఉంటే పేలుతుందంటే 5 నుంచి 15 శాతమని నిద్రలో లేపినా చెప్తారు. మరి దుమ్ము సంగతేంటంటే, మాస్కు కట్టుకుంటాం సార్ అంటారు. అది ఊపిరితిత్తుల సంగతి. నేనడిగేది పేలే దుమ్ము గురించి.

ముందు చిన్న లెక్క. నేల మీద 1 మిల్లీమీటరు మందాన దుమ్ము పరుచుకుంటే చదరపు మీటరుకు దాదాపు అర కిలో. గ్యాలరీ, అంటే బాయిలోని సొరంగం దారి, ఎత్తు 3 మీటర్లు అనుకోండి. అదంతా గాలిలోకి లేస్తే ఘనపు మీటరుకు 160 గ్రాములు దాటుతుంది. మెత్తటి పొడి దుమ్మయితే అందులో సగం ఉన్నా మంట పాకుతుంది. బూటు ముద్ర పడేంత దుమ్ము ఉందంటే భయపడాల్సిందే.

అది దానంతట అది లేవదు. ఎక్కడో ఫేస్ (బొగ్గు తవ్వే చోటు) దగ్గర కొంచెం గ్యాస్ అంటుకుంటుంది, లేదా షాట్ (బొగ్గు పగలడానికి రంధ్రంలో పేల్చే మందు) ఎదురు తన్ని మంట బయటికి కక్కుతుంది. ఆ గాలిదెబ్బ ముందు పరుగెత్తి దుమ్మును లేపుతుంది, వెనకాలే మంట వచ్చి అందుకుంటుంది. అది మళ్లీ ముందున్న దుమ్మును లేపుతుంది. 1906లో ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనుల్లో 1,099 మంది ఇలాగే పోయారు. మన దేశంలో 1965 మే 28న ధోరీ గనిలో పేలుడుకు 268 మంది బలయ్యారు.

అందుకే షిఫ్ట్‌లో దిగగానే క్యాప్‌లైట్ పైకి తిప్పండి. అందరూ నేల చూస్తారు. నేల దుమ్ములో రాతిపొడి, తడి కలిసి ఉంటాయి. పైకప్పుకు ఆసరాగా పెట్టిన బార్ల మీద, కేబుళ్ల మీద, పైపుల నెత్తిన పేరుకునేది మాత్రం మెత్తగా, పొడిగా, అచ్చమైన బొగ్గు. కుదుపు వస్తే ముందు రాలేది అదే. వేలితో గీత గీసి చూడండి.

తర్వాత నీళ్లు. బొగ్గుదుమ్ము నీళ్లకు తొందరగా లొంగదు. బొట్లు పైన గుండ్రంగా దొర్లిపోతాయి, కింద పొడిగానే ఉంటుంది. తడిపామని పైపు పక్కన పడేయకుండా గుప్పెడు తీసి పిసకండి. ముద్ద కట్టాలి. తడిపే పద్ధతి పెట్టుకున్న చోట బరువులో 30 శాతం నీరు కలిసి ఉండాలని నియమం.

స్టోన్ డస్ట్ (కాలని రాతిపొడి) చల్లే చోట ముందు బొగ్గుదుమ్మును ఊడ్చి, దులిపి తీయాలి. మన బొగ్గు గుణాన్ని బట్టి మిశ్రమంలో కాలని పదార్థం 75 శాతమో, వోలటైల్స్ (వేడికి బొగ్గులోంచి వచ్చే మండే వాయువులు) ఎక్కువుంటే 85 శాతమో ఉండాలి. పొడిని అరచేతిలో పోసి ఊదండి, ఎగరాలి. చెమ్మకు గడ్డ కట్టిన పొడి గోడకు వేసిన సున్నంతో సమానం. బొగ్గుతో పాటు లేచి మంటను చల్లార్చడం దాని పని. ఇంకో మాట, నిన్న తెల్లగా ఉంది కదా అని వదిలేయొద్దు. ఒక్క షిఫ్ట్ బొగ్గు మోసే బెల్ట్ నడిస్తే పైన నల్లపొర పడుతుంది. బారియర్ పలకల (మంటకు అడ్డుగా రాతిపొడి పోసి పైన పెట్టేవి) మీద కూడా ఓ కన్నేయండి, వాటి మీద టిఫిన్ డబ్బాలు పెట్టే మహానుభావులున్నారు.

షాట్ దగ్గర నాకు మొహమాటం లేదు. రంధ్రం మూయడానికి బంకమట్టి గుళ్లే. ఒకసారి, ఏ బాయి అన్నది వదిలేయండి, గుళ్లు అయిపోయాయని షాట్‌ఫైరర్ (మందు పేల్చేవాడు) పక్కనున్న బొగ్గుపొడినే దోసిట్లోకి తీశాడు. చెయ్యి పట్టుకున్నాను. "ఒక్క షాటే కదా సార్, ఏమైతది" అన్నాడు. అది కూరితే మంట నోటికి మేత పెట్టినట్టే. మట్టి వచ్చేదాకా నలభై నిమిషాలు ఆపాను, ఆ రోజు ప్రొడక్షన్ పడిపోయిందని నాకు బాగానే చీవాట్లు పడ్డాయి. షాట్‌కు ముందు చుట్టుపక్కల తడపడమూ మర్చిపోవద్దు.

చివరగా బెల్ట్ ట్రాన్స్‌ఫర్ పాయింట్, అంటే ఒక బెల్ట్ నుంచి ఇంకో బెల్ట్ మీదికి బొగ్గు పడే చోటు. రోలర్ దుమ్ములో కూరుకుపోయి తిరగకపోతే రాపిడికి కాలుతుంది. వాసన వస్తే ముందు బెల్ట్ ఆపించండి. అక్కడ కంప్రెసర్ గాలితో ఊదకండి, పైపు జెట్ కొట్టకండి, రెండూ దుమ్మును నిప్పు మీదికే లేపుతాయి. మంచులా పడే స్ప్రేతో మెల్లగా తడిపి, ఆ తర్వాతే పార తీయాలి.