మిత్రులతో కొండ నడకకు బయలుదేరే ముందు జాగ్రత్తలు

ఏ దారిన ఎక్కి ఏ దారిన దిగుతారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఇంటి దగ్గర ఉండే ఒకరికి కాగితం మీద రాసి ఇవ్వాలి. కొండ మీద ఫోను సిగ్నల్ అందకపోతే వెతికేవారికి ఆ కాగితమే ఆధారం.

మనిషికి గంటకు సుమారు అర లీటరు చొప్పున నీళ్లు లెక్కవేసుకోవాలి, ఎండ ముదిరితే మరికొంత.

కొత్త బూట్లు ఆ రోజే తొడగకూడదు. మడమ దగ్గర చర్మం ఎర్రబడి మండడం మొదలవగానే, పొక్కు లేవకముందే ఆగి ప్లాస్టర్ అంటించాలి (మొహమాటపడి అలాగే నడిచేవారే చివరికి అందరినీ ఆపుతారు).

ఉరుము వినిపిస్తే శిఖరాన్ని, ఒంటరి చెట్లను వదిలి వెంటనే దిగి, పక్కా భవనంలోకో, అద్దాలు మూసిన కారులోకో చేరి, చివరి ఉరుము తరువాత 30 నిమిషాల దాకా అక్కడే ఉండాలి.

పగటి నడకకైనా టార్చి తప్పనిసరి.

జట్టు వేగాన్ని అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని బట్టి నిర్ణయించుకోవాలి.