మొదటి లార్జ్ ఫార్మాట్ లెన్స్ కొనే ముందు

4×5 అంగుళాల ఫిల్ముకైతే 150 ఎంఎం లెన్స్‌తో మొదలుపెట్టండి. 90 ఎంఎం ఇప్పుడే వద్దు. దానితో మామూలు బెలోస్ (లెన్స్‌కీ ఫిల్ముకీ మధ్య ఉండే మడతల తిత్తి) ముడుచుకుపోయి రైజ్, షిఫ్ట్ (లెన్స్‌ను పైకి, పక్కకి జరపడం) సరిగా సాగవు.

ఇమేజ్ సర్కిల్ (లెన్స్ ఫిల్ము మీద వేసే గుండ్రటి బొమ్మ వ్యాసం) ఎంతో చూడండి. మూలలు కప్పడానికే సుమారు 153 ఎంఎం కావాలి. ఎఫ్/22 అపర్చర్ దగ్గర 210 ఎంఎం ఉంటే కదలికలకు చోటుంటుంది.

పాతవాటిలో ముందు మొరాయించేది షట్టరే. 1 సెకను పెట్టి నొక్కండి. గేర్ల చప్పుడు ఆగి ఆగి సాగిందా, లోపల గ్రీజు గట్టిపడినట్టే. సర్వీసింగు ఖర్చు ధరలో తగ్గించమనండి, మొహమాటం వద్దు.

వెనక నుంచి టార్చి వేయండి. సాలెగూడులాంటి సన్నని పోగులు కనిపిస్తే ఫంగస్. అంచున ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే గాజుల అతుకు విడుతోంది. అంచు నలుపురంగులో తెల్లచుక్కలకు మాత్రం భయపడక్కర్లేదు.

లెన్స్ బిగించే బోర్డు రంధ్రం కొలవండి: కోపాల్ 0 సైజు షట్టరుకి 34.6 ఎంఎం, కోపాల్ 1కి 41.6.